కిటికీ వైపు చెంప

జనవరి 11
హాస్టల్, మూడో అంతస్తు

అత్తా,

నీ ఆరోగ్యం ఎలా ఉందని మొదలుపెడితే "అది డిపో డాక్టరు చూసుకుంటాడు, నువ్వు విషయానికి రా" అంటావు. అందుకే నేరుగా వస్తున్నాను. ఎప్పటిలాగే ఈ ఉత్తరం దూరపు బస్సు నడిపే మామ చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని నా గదిలో ఉండే పిల్ల నవ్వుతుంది. మా అత్త ఫోన్‌లో "ఊ", "సరే", "పెట్టేస్తున్నా" తప్ప ఇంకో మాట అనదు, కాగితం మీదైతే మనిషి దొరుకుతుంది అని చెప్పాను.

నిన్న క్లాసులో మాకు చర్మవైద్యం నేర్పే డాక్టరమ్మ ఒక ఫోటో చూపించింది. ఏళ్ల తరబడి లారీ నడిపిన మనిషి ముఖం. ఎడమ చెంప చూస్తే యాభై ఏళ్లు, కుడి చెంప చూస్తే డెబ్బై. కిటికీ వైపు ఉన్న చెంప మీద మంగు కమ్మేసింది. ముడతలైతే నలిపి పారేసి మళ్లీ విప్పిన కాగితంలా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ వైపు నుంచే ఎండ తగిలిందట. క్లాసంతా నోట్సు రాసుకుంటుంటే నేను "మా అత్త" అన్నాను. పైకే అనేశాను. అందరూ నా వైపు తిరిగారు.

గదికి వచ్చి నీ ఫోటోలన్నీ పరిచాను. పదకొండు ఉన్నాయి. అన్నిటిలోనూ ఎడమ చెంపే. రోజూ సాయంత్రం బడి వదిలినప్పటి నుంచి అమ్మ ఫ్యాక్టరీ షిఫ్టు అయ్యే దాకా, అలా ఆరేళ్లు నీ పద్నాలుగో నంబరు బస్సులో తిరిగాను కదా. తలుపు పక్కన ముందు సీట్లోంచి నాకు కనిపించింది కూడా ఆ చెంపే. రెండోదాన్ని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. పోయిన సెలవుల్లో నువ్వు గుమ్మంలో నిలబడి పిలిచినప్పుడు ఒక్కసారి చూసి, వెలుతురు తేడా అనుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. మా ఆఖరి పరీక్ష కాగితం మీద రాసేది కాదు. ఒక్కొక్కరం ఒక్కొక్క మనిషిని మొదటి నుంచి చివరి దాకా చూసుకోవాలి. లేజరు వేసేది డాక్టరమ్మే. దానికి ముందు నెల రోజుల తయారీ, ఫోటోలు, తర్వాత గాయం మానే దాకా సేవ మాది. నాకు కుదిరినావిడ పోయిన వారం రానని కబురు పంపింది. మార్చి నెలాఖరులోగా ఇంకొకరు దొరక్కపోతే నేను ఆరు నెలలు వెనకబడతాను. నువ్వు వస్తావా? ఏప్రిల్‌లో సర్టిఫికెట్లు ఇచ్చే రోజున అందరి ఇళ్లవాళ్లూ వస్తారు, ఫోటోలు తీస్తారు. ఆ రోజుకి నీ కుడి చెంప కూడా ఎడమ చెంపలా అయితే ఎంత బాగుంటుందో ఊహించు.

వెంటనే రాయి.

నీ హాఫ్ టికెట్టు


జనవరి 17
డిపో, టీ బల్ల దగ్గర

హాఫ్ టికెట్టూ,

ఉత్తరం అందింది. దూరపు బస్సు అన్న దాంతో పాటు "పిల్ల చిక్కింది" అనే కబురు కూడా మోసుకొచ్చాడు. అన్నం మానేసి పుస్తకాలు నములుతున్నావా?

ఈ కాగితం వెనక వైపు ట్రిప్ షీటు. పాతదే, కంగారుపడకు.

నా ముఖం సంగతి రాశావు. నాకూ అద్దాలున్నాయి, బస్సుకి మూడు, ఇంట్లో ఒకటి. అయినా నీ మాట కాదనడం ఎందుకని కండక్టరుని అడిగాను, నా రెండు చెంపలకీ తేడా ఉందా అని. "అక్కా, నేను వెనకుంటాను, నాకు నీ జడ ఒక్కటే తెలుసు" అన్నాడు. పెళ్లయి పదిహేనేళ్లయిన మనిషి, ఏది ఎలా తప్పించుకోవాలో తెలుసు.

సర్టిఫికెట్ల రోజుకి మీ అమ్మా నాన్నా వస్తారు. నాకు ఆ రోజు డ్యూటీ ఉంటుంది. లేజరుకి ఇంకెవరినైనా చూసుకో. అంత పెద్ద ఊళ్లో ముఖాలకి కరువా?

బస్సుకి కొత్త సీటు కవర్లు వేశారు. నీ సీటుది నీలం రంగు. రెండు రోజులకే ఎవరో పెన్నుతో గీతలు గీశారు. నువ్వు చేసిన పనులే.

ఉంటాను. నాలుగో ట్రిప్పుకి టైమైంది.

అత్త


జనవరి 24

అత్తా,

ఏప్రిల్ డ్యూటీలు జనవరిలో వేస్తారని నమ్మడానికి నేను నీ బస్సు కొత్తగా ఎక్కినదాన్ని కాదు. నీకు భయంగా ఉంది. ఆ మాట చెప్పలేక డిపో మీదకి తోశావు. భయపడటంలో తప్పేమీ లేదు. ఇక్కడికి వచ్చేవాళ్లలో పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా కుర్చీలో కూర్చోగానే చల్లబడిపోతారు. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుందట. కాబట్టి రాస్తున్నాను.

మొదట డాక్టరమ్మ ప్రతి మచ్చనీ భూతద్దం పెట్టి చూస్తుంది. అనుమానం కలిగించే మచ్చ ఒక్కటున్నా లేజరు జోలికి పోదు, ముందు దాని సంగతి తేల్చాలంటుంది. తర్వాత మత్తు పూత రాసి గంటసేపు కూర్చోబెడతాం. లేజరు అంటే వెలుగే. ఒక్కచోటికి చేర్చి పదును పెట్టిన వెలుగు. అది చర్మం మీద సూదిమొనంత చుక్కలుగా పడుతుంది. చుక్క పడినచోట పాత చర్మం పోతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య మాత్రం కావాలనే ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆ వదిలేసిన చర్మమే పక్కనున్న గాయాన్ని మాన్పుతుందట. ఇది విన్న రోజు నేను నోట్సు రాయడం ఆపేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మానడం, మాన్పడం అనే మాటలు ఇన్నాళ్లూ నా నోట్లోనే ఉన్నా వాటి రుచి చూడనేలేదనిపించింది. ఈ మధ్య నాకు ఇలాగే అవుతోంది. పక్కు, పొర, కమిలిన రంగు... ఏ మాట విన్నా రెండోసారి అనుకుని చూసుకుంటున్నాను.

మన రంగు చర్మానికి వేడి ఎక్కువైతే మచ్చ పోయే బదులు ఇంకా నల్లబడుతుంది. అందుకే తక్కువ వేడితో, నిదానంగా చేస్తారు. మంగు పలచబడుతుంది, ముడతలు తగ్గుతాయి. బస్సు ముందు అద్దం పగిలినప్పుడు కనుబొమ్మ పక్కన పడిన గాటు ఉందే, అది కొంచెం సర్దుకుంటుంది. పాతికేళ్లప్పటి చెంప మాత్రం రాదు. అబద్ధం చెప్పి నిన్ను కుర్చీ ఎక్కించను.

ఇప్పుడైనా భయం తగ్గిందా?

నీ హాఫ్ టికెట్టు


ఫిబ్రవరి 2
డిపో

అమ్మాయ్,

భయమా? పోయిన వానాకాలం వైపరు చచ్చిపోతే బండిని నడకలా నడిపించి యాభై నాలుగు మందిని ఇళ్లకి చేర్చినదాన్ని. సూదిమొనంత వెలుగుకి భయపడతానా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరు నెలలు వెనకబడతావని మొదటి ఉత్తరంలో రాసిన మాట అప్పుడు సరిగ్గా చదవలేదు, చెంపల దగ్గరే ఆగిపోయాను. నా వల్ల నీ చదువు ఆగిందనే మాట వద్దు. పదిమందిలో నా పక్కన నిలబడినప్పుడు నీకు తలవంపులూ రాకూడదు. కాబట్టి వస్తాను.

ఒక్కటే ప్రశ్న. కళ్లకి ఏమీ కాదు కదా? డ్రైవరుకి చెంప పోతే అద్దంతోనే గొడవ. కన్ను పోతే బతుకే పోతుంది.

మాటల్ని పట్టుకుని మరీ అక్కడే నిలబడిపోకు. స్టాపు దాటిపోతుంది.

అత్త


ఫిబ్రవరి 8

మా మంచి అత్తా,

నువ్వు వస్తానన్న ముక్క చదివి మెట్లన్నీ దిగి, ఎందుకు దిగానో తెలియక మళ్లీ ఎక్కాను. మా గదిపిల్ల "ఏమైంది, లాటరీ తగిలిందా?" అంది. "మా అత్త తగిలింది" అన్నాను.

కళ్ల మీద లోహపు మూతలు పెడతాం. వెలుగు రవ్వంత కూడా లోపలికి పోదు. మూతలు పెట్టేది నేనే, నా చేతుల్తో.

ఇక తయారీ. లేజరుకి ముందు నాలుగు వారాలు ఆ చెంపకి ఎండ తగలకూడదు. కమిలి ఉన్న చర్మం మీద లేజరు వేస్తే మచ్చలు పడతాయి. పగలు రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ రాయాలి. ట్యూబులు రెండు మామ చేతికి ఇచ్చాను. బస్సు నడుపుతూ ఇదంతా నీ వల్ల కాదు, నెల రోజులు సెలవు పెట్టేయ్. ఎండ ఎంతసేపు తగిలిందో రోజూ ఒక కాగితం మీద రాసి పెట్టు, అది నా పరీక్షలో భాగం. మార్చి 16న రావాలి. ఆ తర్వాత వారం రోజులు ఇక్కడే, అతిథుల గదిలో ఉంటావు.

నువ్వు మంచం మీద కూర్చుని నా మాట వింటావంటే నవ్వొస్తోంది. ఇన్నాళ్లూ నన్ను లేపి కూర్చోబెట్టింది నువ్వు. గుర్తుందా, మిల్లు మలుపు రాగానే అద్దంలోంచి చూసి "లే, ఇటు కూర్చో" అనేదానివి. నేను లెక్కల పుస్తకం, పెన్సిలు, డబ్బా అన్నీ ఏరుకుని తలుపు పక్క సీటు నుంచి నీ వెనక సీటుకి మారేదాన్ని. తిరుగు ట్రిప్పులో మళ్లీ "లే, అటు పో". నిద్రపోతానని అలా చేసేదానివి కదా? ఎంత కోపం వచ్చేదో. బస్సంతా నన్నే చూసేవాళ్లు. ఇప్పటికీ క్లాసులో కునుకు పడితే నీ గొంతే వినిపిస్తుంది.

నీ హాఫ్ టికెట్టు


మార్చి 6
డిపో

అమ్మాయ్,

సెలవు పెట్టలేదు. నెల రోజులు ఇంట్లో కూర్చుంటే చెంప బాగుపడి బుర్ర చెడిపోతుంది. ఎండ తగలకూడదన్నావు, అంతే కదా. ఈ ఊళ్లో ఏ రోడ్డు మీద ఏ గంటకి ఏ కిటికీకి ఎండ కొడుతుందో నీ డాక్టరమ్మకి తెలియదు, నాకు తెలుసు. కళ్లు మూసుకుని చెబుతాను. కళ్లు మూసుకుని నడపను, అది వేరే సంగతి.

డ్యూటీలు మార్చుకున్నాను. ఎండ నా వైపు రాని ట్రిప్పులు నేను పట్టుకుని, వచ్చేవి మిగతావాళ్లకి ఇచ్చాను. నువ్వడిగిన కాగితాలు ఇరవై మూడు దీనితో పెడుతున్నాను. పైన ఉన్నది మచ్చుకి ఇలా ఉంటుంది:

"రైలు స్టేషను, ఉదయం మొదటి ట్రిప్పు. ఎండ ఎక్కలేదు. తిరుగు ట్రిప్పు ఎండ ఎడమ. వంతెన మీద మూడు నిమిషాలు కుడి, తువ్వాలు కప్పాను. మిట్టమధ్యాహ్నం ఎండ టాపు మీద, నష్టం లేదు. పద్నాలుగో నంబరు, సాయంత్రం నాలుగింటి ట్రిప్పు: బడి నుంచి మిల్లు దాకా ఎండ కుడి, మిల్లు మలుపు దాటాక ఎండ ఎడమ. ఇది పనికిరాదు, పొట్టి డ్రైవరుకి ఇచ్చాను."

పొట్టి డ్రైవరు "అక్కా, నీ చెంప తెల్లబడే లోపు నాది మాడిపోయేలా ఉంది" అంటున్నాడు. వాడికీ ఒక ట్యూబు ఇచ్చాను. కండక్టరు నన్ను చూసి "ముఖానికి సున్నం కొట్టించావా?" అన్నాడు. ఒకావిడ ఎక్కబోయి దిగిపోయి మళ్లీ ఎక్కింది.

ఒక మాట రాయాలి. ఎదురుగా అయితే చెప్పలేను. నేను బళ్లో ఉండగా ఒకసారి మా నాన్న, అంటే మీ తాత, కాలరు చిరిగిన చొక్కాతో నా కోసం వచ్చాడు. స్నేహితులు చూస్తారని నేను గేటు దగ్గరే ఆపేసి "నువ్వు వెళ్లు నాన్నా, నేనొస్తా" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు, మళ్లీ బడికి రాలేదు. ఆ వయసు అలాంటిది. అందుకే నీ మీద నాకు కోపం లేదు. లేజరుకి అంతా పోదని నువ్వే రాశావు. మిగిలిపోతే బాధపడకు. ఫోటో తీసేటప్పుడు నీకు నచ్చినట్టే ఎడమ చెంప చూపించి నిలబడతాను. కాదంటే వెనక వరసలో కూర్చుంటాను.

16న మొదటి బస్సుకి వస్తాను.

అత్త


మార్చి 11

అత్తా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. మొదటి మూడిట్లో మాటలు ఎక్కువై విషయం తక్కువైంది.

ముందు నీ ఆఖరి పేరా. "తలవంపులు" అని ఫిబ్రవరిలోనే రాశావు. వస్తానన్న సంతోషంలో నేను ఆ మాట మీద నుంచి దూకి వెళ్లిపోయాను. మాటలంటే ప్రాణం అని చెప్పుకు తిరిగేదాన్ని, నాకు కావలసిన మాట ఒక్కటే చదువుకున్నాను. నీ చెంప ఎడమ చెంపలా అయితే బాగుంటుందని రాసినప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే, నీకు నేను ఏదైనా చేయాలి. అది రాయడం చేతకాలేదు. నువ్వు ఏ ముఖంతో వచ్చినా నేను గేటు దగ్గర ఆపను, గేటు దాకా పరుగెత్తుకొస్తాను. నీకు లేజరు ఇష్టం లేకపోతే ఇప్పుడైనా వద్దని చెప్పు. ఆరు నెలలు వెనకబడితే వెనకబడతాను, నిజంగా అంటున్నాను.

ఇప్పుడు నీ కాగితాలు. నిన్న డాక్టరమ్మకి చూపిద్దామని వరసగా పెట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగో నంబరు, నాలుగింటి ట్రిప్పు దగ్గర ఆగాను. బడి నుంచి మిల్లు దాకా ఎండ కుడి. మలుపు దాటాక ఎండ ఎడమ.

బడి నుంచి మిల్లు దాకా నేను ఎడమ వైపు, తలుపు పక్కన కూర్చునేదాన్ని. మలుపు దాటాక "లే, ఇటు కూర్చో".

నిద్రపోతానని కాదు కదా అత్తా.

ఆరేళ్లు నేను నీడలో కూర్చుని లెక్కలు చేసుకున్నాను. ఎండ అటు వస్తే ఇటు, ఇటు వస్తే అటు. మొహం ముడుచుకుని, పెన్సిలు డబ్బా గట్టిగా చప్పుడు చేస్తూ మారాను. నాకు రెండు సీట్లు ఉండేవి. నీకు ఒక్కటే.

డాక్టరమ్మకి ఈ సంగతి చెప్పాను. ఆమె కాగితాలు తిరగేసి "ఇంత వివరంగా ఎండ లెక్క ఇంతవరకు ఎవరూ తేలేదు, మీ అత్తగారిని నేను కలవాలి" అంది. నాకు కళ్లు తుడుచుకోవడానికి గాజుగుడ్డ ఇచ్చింది, రుమాలు దొరక్క.

వస్తావో రావో నీ ఇష్టం. వస్తే నేను బస్టాండులో ఉంటాను.

నీ హాఫ్ టికెట్టు


మార్చి 29
ఇల్లు

అమ్మాయ్,

క్షేమంగా చేరాను. దారంతా దూరపు బస్సు అన్న నన్ను నీడ వైపు కూర్చోబెట్టి, మలుపు వచ్చినప్పుడల్లా "చెల్లెమ్మా, అటు మారు" అన్నాడు. నువ్వు చెప్పి పంపావని తెలుసు. బస్సంతా నన్నే చూశారు. నీకు ఎంత కోపం వచ్చేదో అర్థమైంది.

చెంప ఇంకా గులాబీ రంగులోనే ఉంది. రెండో రోజు వాచి, నాలుగో రోజు పక్కు కట్టి, ఆరో రోజు రాలడం మొదలుపెట్టినప్పుడు నువ్వు నా చేతి మీద కొట్టావు గుర్తుందా, గీరుకోవద్దని. మా అమ్మ కూడా నన్ను ఎప్పుడూ కొట్టలేదు. మంగు సగానికి పైగా పోయింది. కనుబొమ్మ పక్క గాటు తగ్గింది కానీ ఉంది. ఉండనీ, దానికి డాక్టరమ్మ చేసేది అయిపోయింది. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, నిన్న బండి రివర్సులో పెట్టి చూశాను.

సీట్ల సంగతి పెద్ద కథలా రాశావు. ఎండ తగిలితే నీకు ముక్కులోంచి రక్తం కారేది. రెండో వైపు సీటు ఖాళీగా ఉండేది. కూర్చోమన్నాను. కారణం చెబితే నువ్వు "నాకేం కాదు" అని మొండికేసేదానివి, అందుకే చెప్పలేదు. ఇందులో ఏడవడానికి ఏముంది?

నేను రాయాల్సింది ఇంకొకటి ఉంది. ఆ వారం రోజులూ ఉదయం, సాయంత్రం తడిగుడ్డతో నా చెంప ఒత్తి మందు రాశావు. ఒక్కసారి కూడా నొప్పి తెలియలేదు. నా ముఖాన్ని ఇంకొకరి చెయ్యి ముట్టుకుని ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. లేజరు ఏం చేసిందో డాక్టరమ్మ రాసుకుంటుంది. నీ చెయ్యి చేసింది నేను రాస్తున్నాను. చల్లగా ఉండు.

సర్టిఫికెట్ల రోజుకి డ్యూటీ మార్చుకున్నాను. ముందు వరసలో కూర్చుంటాను.

అత్త


ఏప్రిల్ 24

అత్తా,

ఫోటో వచ్చింది, దీనితో పంపుతున్నాను. చూసి నవ్వకు. నవ్వినా పర్వాలేదు.

ఫోటోగ్రాఫరు మంచివాడే. ఆవరణలో మనల్ని సరిగ్గానే నిలబెట్టాడు. ఎండ నా మొహం మీద పడుతోందని నువ్వు భుజాలు పట్టి నన్ను అటు జరిపి, ఎండలోకి నువ్వు వచ్చావు. కొత్త చెంపకి ఆరు నెలలు ఎండ పనికిరాదని నేను నిన్ను ఇటు లాగాను. నువ్వు మళ్లీ జరిపావు. "అమ్మా, ఇది మూడోసారి, ఎవరో ఒకరు నిలబడండి" అని ఆయన బతిమాలుతూనే బటన్ నొక్కేశాడు. అమ్మా నాన్నా మాత్రం రాతి బొమ్మల్లా చక్కగా ఉన్నారు. మధ్యలో మనిద్దరం చెదిరిపోయి, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని లాక్కుంటున్నాం. నా సర్టిఫికెట్టు గాల్లో ఉంది.

నీ రెండు చెంపలూ కనిపిస్తున్న ఫోటో ఇదొక్కటే. పన్నెండోది. బల్ల మీద పెట్టుకున్నాను.

నీ చికిత్స గురించి నేను రాసిచ్చిన రిపోర్టుకి డాక్టరమ్మ చివర ఒక వాక్యం చేర్చింది: "ఈమె చికిత్సలో కుటుంబం పాత్ర ఎక్కువ." కుటుంబం అనే మాటని రెండోసారి అనుకుని చూసుకున్నాను. నువ్వు తిడతావని అక్కడితో ఆపేశాను.

వచ్చే నెల నుంచి ఇక్కడే ఉద్యోగం. థాంక్స్ అని రాస్తే నీకు చిరాకు. అందుకే రాయడం లేదు, కానీ ఈ ఉత్తరమంతా అదే.

నీ హాఫ్ టికెట్టు


మే 3
డిపో

అమ్మాయ్,

ఫోటో డిపోలో డ్యూటీ బోర్డు పక్కన పెట్టాను. కండక్టరు చూసి "ఏంటక్కా, ఫోటోలో కొట్టుకుంటున్నారు?" అన్నాడు. "నీడ కోసం" అన్నాను. "నీడ కావాలని కొట్టుకునేవాళ్లని చూశాను, ఎదుటివాళ్లకి ఇవ్వాలని కొట్టుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. వాడికీ నీలాగే మాటల జబ్బు పట్టుకుంది.

ఉద్యోగం వచ్చిందిగా, ఇప్పుడైనా తిను.

పద్నాలుగో నంబరు మళ్లీ నాకే వచ్చింది. పొట్టి డ్రైవరు బతికాననుకున్నాడు. కిటికీ అద్దానికి డిపోవాళ్లు ఎండ ఆపే పలచటి పొర అతికించారు, నా ఒక్కదానికే కాదు, అన్ని బస్సులకీ. నీ డాక్టరమ్మ డిపో పేరున రాసిచ్చిన కాగితం పని చేసింది. పొట్టి డ్రైవరు నీకు థాంక్స్ చెప్పమన్నాడు. వాడి థాంక్స్ మాత్రం రాస్తున్నాను, ఆ మాట నాకు పడదని తెలియని కొత్తవాడు కదా.

పూత మరిచిపోతున్నానని అనుమానపడకు. సాయంత్రం మిల్లు స్టాపులో బండి ఆగగానే కండక్టరు వెనక నుంచి కేకేస్తాడు, "అక్కా, చెంప" అని. ట్యూబు తీసి రాసుకుంటాను. అద్దంలో నీ నీలం సీటు కనిపిస్తుంది. అప్పటికి ఎండ ఆ వైపుకి మారుతుంది. అందులో ఎవరు కూర్చుని ఉన్నా సరే, లేచి ఇటు కూర్చోమంటాను.

అత్త